సోల్డర్ పేస్ట్ పూసిన సర్క్యూట్ బోర్డులు రాత్రంతా వదిలేయకండి

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం సర్క్యూట్ బోర్డు మీద స్టెన్సిల్‌తో (కన్నాలున్న రేకు) సోల్డర్ పేస్ట్ (సోల్డర్ లోహపు పొడి, ఫ్లక్స్ కలిపిన ముద్ద) పూసి, భోజనానికి వెళ్ళి, అలాగే నిద్రపోయాను. పొద్దున చూస్తే పైన పొర కట్టింది. 0603 రెసిస్టర్లు (బోర్డు పైనే అతికించే బుల్లి పార్ట్‌లు) పెడితే అంటుకోవడం లేదు, ట్వీజర్‌తో పాటే లేచి వస్తున్నాయి. ఆరిపోయేది లోహం కాదు, ఫ్లక్స్‌లోని (సోల్డర్ బాగా పట్టేలా చేసే జిగట పదార్థం) ద్రావకం.

పేస్ట్ పూశాక రెండు మూడు గంటల్లో పార్ట్‌లు పెట్టి వేడి చేసేయడం మంచిది. మధ్యలో లేవాల్సి వస్తే ముందు ఫ్యాన్ ఆపండి. బోర్డు మీద కేకు డబ్బా మూత బోర్లించండి, పేస్ట్‌కి తగలకూడదు. దుమ్ము పడదు, గాలి కొట్టదు. మా ఇంట్లో పిల్లి నుంచి కూడా అదే కాపలా!

పూసిన బోర్డుని ఫ్రిజ్‌లో పెట్టాలనిపిస్తుంది కానీ వద్దు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. ఆ నీరు వేడికి ఆవిరై చిమ్మితే చిన్న చిన్న సోల్డర్ గుండ్లు చెల్లాచెదురవుతాయి. ఫ్రిజ్ అనేది, మూత తీయని పేస్ట్ సీసాకే. దాన్నైనా బయట పెట్టి, నాలుగు గంటలు ఆగి, అప్పుడు తెరవండి.

ఆలస్యమైపోయిందా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచేసి మళ్ళీ పూయండి. తుడిచిన పేస్ట్‌ని మాత్రం తిరిగి సీసాలో వేయొద్దు. సీసం (లెడ్) ఉన్న పేస్ట్ అయితే గ్లవ్స్ తప్పనిసరి.