‘వద్దు’ అనే బటన్ కంటికి కనబడాలి

సంపాదకునికి,

వీడియో యాప్‌లు మనకేం కావాలో మనల్ని అడగడం లేదు, తెర మీద ఏం ఆడిందో చూసి ఊహించుకుంటున్నాయి. మా అమ్మ మధ్యాహ్నం భక్తి పాటలు పెట్టుకుని కునుకు తీస్తుంది. వాటి వెనకే వాటంతటవే వచ్చిన నేర వార్తలు చివరిదాకా ఆడితే ఆమెకవే ఇష్టమని లెక్క పడుతుంది. మర్నాడు తెర నిండా హత్యలే. ‘ఆసక్తి లేదు’ అని చెప్పే వీలుంది, కానీ అది మూడు చుక్కల వెనక దాగి ఉంటుంది. డెబ్బై ఏళ్లావిడ దాన్నెక్కడని వెతుక్కుంటుంది?

ఆ బటన్‌ను వీడియో కిందే, తెలుగులో పెట్టాలి. నొక్కగానే ‘ఇదివరకే చూశాను’, ‘ఈ ఛానల్ వద్దు’, ‘ఈ విషయమే వద్దు’ అని అడగాలి. ఈ మూడూ ఒకటి కాదు. కారణం తెలిస్తేనే సిఫార్సు చేసే వ్యవస్థ సరిగా నేర్చుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2017లో ఐదు నక్షత్రాలు తీసేసి బొటనవేలి గుర్తు పెడితే రేటింగ్ ఇచ్చేవాళ్లు బాగా పెరిగారు. 2022లో ‘చాలా నచ్చింది’ అనడానికి రెండు బొటనవేళ్లు చేర్చింది. సులువుగా అడిగితే జనం చెబుతారు.

ఐరోపా సమాఖ్య డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం, మన అలవాట్ల మీద ఆధారపడని సిఫార్సులను ఎంచుకునే వీలు పెద్ద వేదికలు కల్పించాల్సిందే. మన కేంద్రం 2023 నవంబరులో 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను (వాడేవాళ్లను మభ్యపెట్టే తెర ఎత్తుగడలను) నిషేధించింది గానీ, అందులో సిఫార్సుల ఊసు లేదు. వెంటనే చేర్చాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు