తూనీగ కిట్ బుక్ చేసుకున్నవారికి: ఆలస్యం ఎందుకైంది, తప్పు ఎక్కడ జరిగింది

అందరికీ నమస్కారం.

ముందు అర్జెంటు మాట. మార్చిలో ట్రయల్ కోసం మా దగ్గర తూనీగ విమానం కిట్ తీసుకెళ్లిన ముగ్గురూ దయచేసి దాన్ని ఎగరేయకండి. ఇంట్లో టెస్ట్ కోసం కూడా ప్రొపెల్లర్లు బిగించి మోటార్లు తిప్పకండి. ముందువైపు మోటార్లను పట్టుకుని ఉండే నల్ల బ్రాకెట్లు ఎండకు మెత్తబడుతున్నాయి. వాటి బదులు అల్యూమినియం బ్రాకెట్లు మా ఖర్చుతో పంపిస్తున్నాం. అవి చేతికి వచ్చేదాకా ఆగండి.

ఇక అడ్వాన్స్ కట్టిన 38 మందికి. మార్చి ఆఖరుకల్లా కిట్ ఇస్తానన్నాను. ఇప్పుడు మే నడుస్తోంది. మధ్యలో ఎవరు ఫోన్ చేసినా "పార్ట్స్ రావాలండీ, ఇంకో వారం" అంటూ వచ్చాను. పార్ట్స్ లేటైన మాట నిజమే కానీ, అవి ఏప్రిల్ మొదటి వారంలోనే వచ్చేశాయి. ఆ తర్వాత మీకు చెప్పిన ప్రతి "ఇంకో వారం" వెనకా అసలు కారణం వేరే ఉంది. మీ డబ్బు నా దగ్గర పెట్టుకుని ఆ కారణం దాచడం తప్పు. క్షమించండి.

తూనీగ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది రన్‌వే అక్కర్లేకుండా నిలువుగా లేచే రేడియో కంట్రోల్ విమానం. రెక్క పొడవు 1.2 మీటర్లు. ముందు రెండు మోటార్లు, తోక దగ్గర ఒకటి. లేచేటప్పుడు మూడూ పైకి చూస్తూ డ్రోన్‌లా ఎత్తుతాయి. తగినంత ఎత్తుకు వెళ్లాక ముందు రెండూ మెల్లగా ముందుకు వంగుతాయి, వెనకది ఆగిపోతుంది, అక్కడి నుంచి రెక్కల మీద మామూలు విమానంలా పోతుంది. దిగేటప్పుడు ఆ ముందు మోటార్లు మళ్లీ పైకి తిరుగుతాయి. మన ఊళ్లలో విమానం దింపడానికి చదునైన నేల దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. నాలుగు గజాల జాగా చాలితే ఎంతమంది ఎగరేయగలరో అనే ఆశతోనే ఇది మొదలుపెట్టాను.

ఇప్పుడు జరిగింది చెబుతాను.

ఏప్రిల్ రెండో వారంలో తెనాలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం, ట్రయల్ కిట్ తీసుకున్న ముగ్గురిలో ఒకడు. "అన్నా, లేచింది, ఒక నిమిషం బానే ఉంది, తర్వాత ముక్కు ఎడమవైపుకు తిరుగుతూనే ఉంది, ఎంత ఆపినా ఆగలేదు, పడిపోయింది" అన్నాడు. వీడియో పంపాడు, విమానం తన కదలికలన్నీ రాసుకునే లాగ్ ఫైల్ కూడా పంపాడు. నేను వీడియో ఒక్కసారి చూసి, "రెక్కల మీదికి మార్చే స్విచ్ తొందరపడి వేసుంటావు తమ్ముడూ, ముందు గాల్లో నిలబెట్టే హోవర్ బాగా ప్రాక్టీస్ చెయ్యి" అన్నాను. లాగ్ ఫైల్ తెరవలేదు. అతను ఇంకేమీ అనలేదు. విరిగిన విమానాన్ని శుభ్రంగా ప్యాక్ చేసి కొరియర్‌లో పంపాడు.

ఆ పెట్టె రెండు వారాలు షాపులో మూల పడి ఉంది. ఒకరోజు మధ్యాహ్నం మా నాన్న దాన్ని విప్పారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా లేత్ మీద పనిచేసిన మనిషి, విమానాల సంగతి ఆయనకు పట్టదు. కుడి మోటార్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపి, "ఒరేయ్ అబ్బాయ్, ఇది ఆడుతోందిరా" అన్నారు. నేను పట్టుకుని చూశాను. మోటార్‌ని ముందుకూ వెనక్కూ వంచే సర్వో కదలకుండానే మోటార్ మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు ఊగుతోంది. బ్రాకెట్‌లో ఇరుసు కూర్చునే రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. బ్రాకెట్ కూడా కొంచెం ముందుకు వంగి ఉంది. నేలకు కొట్టుకుంటే ప్లాస్టిక్ విరగాలి, ఇలా సాగకూడదు.

అప్పుడు లాగ్ ఫైల్ తెరిచాను. ఈ విమానం గాల్లో నిలబడి ఉన్నప్పుడు ముక్కు ఎటు తిరగాలన్నా, ముందు మోటార్లలో ఒకటి కాస్త ముందుకు, ఇంకొకటి కాస్త వెనక్కు వాలాలి. తిప్పే పని మొత్తం దాని మీదే ఉంటుంది. లాగ్‌లో కుడి సర్వో వెనక్కు పోగలిగినంతా పోయి అక్కడే ఆగిపోయి ఉంది. అంటే విమానాన్ని అదుపులో ఉంచే చిన్న కంప్యూటర్, ఫ్లైట్ కంట్రోలర్, ఆ తిరుగుడు ఆపడానికి చేయగలిగిందంతా చేసింది. సర్వో వెనక్కు లాగుతోంది, మెత్తబడిన బ్రాకెట్ మోటార్‌ని ముందుకు వాలుస్తోంది. తమ్ముడి చేతిలో ఉన్న స్టిక్ కూడా చివరిదాకా కుడివైపే ఉంది. పిల్లాడు చేయాల్సిందంతా సరిగ్గానే చేశాడు.

ఆ బ్రాకెట్లు మేం త్రీడీ ప్రింటర్‌లో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో తీసినవి. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. 60 డిగ్రీలు ఎక్కడ వస్తాయిలే అనుకున్నాను. తెనాలి తమ్ముడు విమానాన్ని వాళ్ల నాన్నగారి కారు డిక్కీలో తీసుకెళ్లాడు, ఎండలో గంటసేపు పెట్టి సెట్టింగులు చూసుకున్నాడు. నల్ల రంగు, కింద మోటార్ వేడి. నమ్మకం కలగడానికి నేనూ ఒక పరీక్ష చేశాను. కొత్త బ్రాకెట్‌కి పావుకిలో బరువు కట్టి, మూసిన కారులో ముందు అద్దం కింద పెట్టి, పక్కన థర్మామీటర్ ఉంచాను. మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ 63 చూపించింది. బ్రాకెట్ మైనంలా కిందికి వాలిపోయింది, చల్లారాక అలాగే గట్టిపడిపోయింది. మన ఎండాకాలంలో ఎగరాల్సిన వస్తువుని జనవరి మంచులో పరీక్షించి అమ్మకానికి పెట్టాను. అసలు తప్పు అక్కడుంది.

మీరు చూసిన వీడియో కూడా జనవరిలోనిదే. మైలవరం వైపు మొక్కజొన్న కోసేసిన చేలో పొద్దున ఆరున్నరకు తీశాం, ఆకు కదలని వేళ. అందులో మూడు టేకాఫ్‌లు కనిపిస్తాయి. నిజానికి ఆ రోజు ఏడు చేశాం. రెండుసార్లు విమానం ఎత్తు కోల్పోయి నేలకు దగ్గరగా వచ్చి మళ్లీ పుంజుకుంది, రెండుసార్లు నేనే భయపడి మధ్యలో దింపేశాను. అవి వీడియోలో పెట్టలేదు. పెట్టి ఉంటే మీలో కొందరు అడ్వాన్స్ కట్టేవారు కాదేమో. పాత వీడియో తీసేశాను. ఏడూ ఉన్న పూర్తి వీడియో మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను, చూడండి.

ఎత్తు ఎందుకు కోల్పోయిందో ఆ తర్వాత అర్థమైంది. నిలువుగా లేచే విమానానికి లేవడమూ గండం కాదు, ఎగరడమూ గండం కాదు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే ఆ కొన్ని సెకన్లే గండం. మోటార్లు ముందుకు వంగుతుంటే పైకి ఎత్తే బలం తగ్గిపోతుంది. ఆలోపు విమానం బరువంతా రెక్కే మోసేంత వేగం రావాలి. మన తూనీగకు ఆ వేగం గంటకు సుమారు 36 కిలోమీటర్లు. అంతకు తక్కువైతే రెక్క స్టాల్ అవుతుంది, అంటే ఎత్తే బలం కోల్పోతుంది. మాటవరసకు గంటకు 50 వచ్చాకే వెనక మోటార్ ఆపితే నిశ్చింత.

ధర తగ్గించాలని నేను గాలి వేగం కొలిచే సెన్సార్ పెట్టలేదు. దాని బదులు టైమర్ పెట్టాను: ముందుకు కదిలిన అయిదు సెకన్లకు వెనక మోటార్ ఆగిపోతుంది. గాలి లేని పొద్దున అది సరిపోయింది, అదీ బొటాబొటీగా. ఏప్రిల్ చివర్లో అదే చేలో సాయంత్రం పడమటి గాలి వీస్తుండగా, గాలి వెళ్లే వైపుకే విమానాన్ని వదిలాను. నేలనుంచి చూస్తే దూసుకుపోతున్నట్టే ఉంది. రెక్క మీద పారే గాలి మాత్రం చాల్లేదు. అయిదో సెకనుకి వెనక మోటార్ ఆగింది, ఎడమ రెక్క వాలింది, పదిహేను మీటర్ల నుంచి నేరుగా మోళ్లలోకి. ముక్కు, రెండు ప్రొపెల్లర్లు, బ్యాటరీ పోయాయి. ఉబ్బిన బ్యాటరీని ఇసుక బకెట్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ పక్క గట్టు మీద ఇద్దరు పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడే కిట్లు పంపకూడదని నిర్ణయించుకున్నాను.

ఈ మారే దశ పెద్ద పెద్దవాళ్లనీ ఏడిపించిందే. అమెరికాలో కాన్వేర్ పోగో అనే విమానం తోక మీద నిలబడి లేచేది. 1954 నవంబర్ 2న కోల్‌మన్ అనే పైలట్ దాన్ని నిలువుగా లేపి, అడ్డంగా ఎగరేసి, మళ్లీ తోక మీద దించాడు. దిగేటప్పుడు భుజం మీదుగా వెనక్కి తిరిగి నేల చూసుకోవాల్సి వచ్చేది. ఆ విమానం సైన్యంలోకి రాలేదు. బ్రిటన్ హ్యారియర్ వేరే దారి పట్టింది: విమానం అడ్డంగానే ఉంటుంది, ఇంజన్ గాలి బయటికొచ్చే నాలుగు గొట్టాలు మాత్రం తిరుగుతాయి. మన నేవీ కూడా సీ హ్యారియర్లు నడిపి 2016లో వాటికి వీడ్కోలు చెప్పింది. తోక మీద నిలబడే డిజైన్‌కి మోటార్లు రెండే చాలు, చవకగా అయిపోతుంది కదా అని మీలో కొందరు అడిగారు. కొత్తవాళ్లకు దాని ముక్కు ఎటు ఉందో దూరం నుంచి తెలియదు, గాలి వస్తే నిలబెట్టిన రెక్క తెరచాపలా కొట్టుకుపోతుంది. అందుకే మోటార్లు వంగే పద్ధతినే ఉంచుతున్నాను.

ఇప్పుడు మారుస్తున్నవి. బ్రాకెట్లు అల్యూమినియంవి, ఆటోనగర్‌లోనే నాన్న దగ్గరుండి చేయిస్తున్నారు. ఇరుసుకి చిన్న బాల్ బేరింగులు వేస్తున్నాం. ప్లాస్టిక్ పళ్ల సర్వోలు తీసేసి మెటల్ గేర్ సర్వోలు ఇస్తున్నాం. గాలి వేగం సెన్సార్ ప్రతి కిట్‌లోనూ ఉంటుంది. తగిన వేగం రానిదే వెనక మోటార్ ఆగదు, ఎగురుతుండగా వేగం పడిపోతే దానంతటదే మళ్లీ తిరుగుతుంది. ఫోమ్, రెక్క పాతవే. వాటితో ఏ ఇబ్బందీ లేదు.

వీటన్నిటితో బరువు 1,280 గ్రాముల నుంచి 1,410కి పెరిగింది. పైగా వేడిగాలి పల్చగా ఉంటుంది. అదే మోటార్, అదే 10 అంగుళాల ప్రొపెల్లర్ మా తూకం స్టాండ్ మీద జనవరి పొద్దున 810 గ్రాములు లాగితే, మొన్న మిట్టమధ్యాహ్నం 745 దగ్గర ఆగింది. మూడు మోటార్లు కలిపి 2,200కి పైనే కాబట్టి లేవడానికి ఢోకా లేదు. కానీ హోవర్ టైమ్ గురించి నేను చెప్పింది సరికాదు. పోస్టర్‌లో 12 నిమిషాలు అని వేశాను. అది రెక్కల మీద ఎగిరే సమయం కూడా కలిపిన లెక్క. గాల్లో నిలబడి ఉంటే సుమారు 16 ఆంపియర్లు తాగుతుంది. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీలో అయిదో వంతు మిగల్చాలి కాబట్టి మీకు దక్కేది ఆరు, ఆరున్నర నిమిషాలు. రెక్కల మీద వెళ్తే కరెంటు ఖర్చు సగానికి తగ్గిపోతుంది. ఎక్కువసేపు నిలబెట్టి ఫొటోలు తీయడానికి కావాలనుకుంటే ఇది కొనకండి, మామూలు డ్రోన్ మేలు.

డబ్బు విషయం. ఒక్కొక్కరు 3,000 చొప్పున మొత్తం 1,14,000 వచ్చింది. అందులో చాలావరకు మోటార్లు, సర్వోలకే అయిపోయింది. ఆ పాత సర్వోలు ఇక పనికిరావు, ఆ నష్టం నాదే. రీఫండ్ కావాలంటే మన గ్రూప్ నంబర్‌కి "రీఫండ్" అని ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు. వారంలో పూర్తి మొత్తం పంపిస్తాను. ఇప్పటికే ఆరుగురికి పంపాను. అందరూ ఒకేసారి అడిగినా ఇవ్వగలను, దానికోసం రెండో త్రీడీ ప్రింటర్ కొనడం ఆపుకున్నాను. కొత్త కిట్ ధర 17,200 అవుతోంది. మీరు బుక్ చేసుకున్నది 14,500కి కాబట్టి ఆ ధరకే ఇస్తాను. ప్రాజెక్టు గడువు దగ్గరపడ్డ విద్యార్థులు విడిగా చెప్పండి, మామూలు రెక్కల కిట్ ఈ వారమే పంపిస్తాను.

రూల్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది మైక్రో తరగతి. వ్యాపారం కోసం కాకుండా ఎగరేసుకుంటే దీనికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, ముఖ్యంగా గన్నవరం ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల వాళ్లు. కంటికి కనిపించే దూరంలోనే ఉంచండి.

తేదీ ఎప్పుడని అడుగుతారు. ఈసారి తేదీ బదులు షరతు చెబుతాను. కొత్త విమానం మధ్యాహ్నం ఎండలో, గాలి ఉన్నప్పుడు, ఇరవైసార్లు వరసగా రెక్కల మీదికి మారి తిరిగి క్షేమంగా దిగాలి. అందులో పది నేను ఎగరేస్తాను, పది తెనాలి తమ్ముడు ఎగరేస్తాడు. అతనికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "పర్లేదన్నా, లాగ్ చూశారు కదా" అన్నాడు. కొత్త కిట్ ఉచితంగా ఇస్తున్నాను, పరీక్షలకు వచ్చిన రోజులకు కూలీ కూడా ఇస్తాను. ఒక్కటి పడినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ప్రతి ఫ్లైట్ వీడియో కత్తిరించకుండా గ్రూపులో పెడతాను.

నిన్నటికి నాలుగు అయ్యాయి. చేను రైతు తొలకరి దాకా వాడుకోమన్నారు, వాన పడితే దుక్కి మొదలవుతుంది. అందుకని ఆదివారాలు కూడా వెళ్తున్నాం. చూడాలనుకున్నవాళ్లు రండి, మధ్యాహ్నం మూడింటికి అక్కడే ఉంటాం. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి, అక్కడ చెట్టు నీడ లేదు.