పాత కొట్టాల మరమ్మతుకూ సాయం ఇవ్వాలి

సంపాదకుడికి,

ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత జాగా ఉన్నవారికి ఇస్తున్న 5 లక్షల రూపాయలను ఎవరూ కాదనరు. నా అభ్యంతరమల్లా ఆ డబ్బు ఇచ్చే పద్ధతి మీదే. పునాదికి కొంత, గోడలు లేస్తే మరికొంత, స్లాబు పడితే ఇంకొంత, మిగిలింది ఇల్లు పూర్తయ్యాక. పాత కట్టడాన్ని బాగుచేసుకునేవారికి ఈ విడతల్లో చోటెక్కడ? అందుకే మా నర్సంపేట వైపు పల్లెల్లో నిక్షేపంలా ఉన్న పశువుల కొట్టాలను సైతం కూల్చి ఖాళీ జాగా చూపిస్తున్నారు.

ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు వచ్చాక ఎడ్లు తగ్గి కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయినంత మాత్రాన పాడైపోయినట్టేనా? మా తాతల నాటి కొట్టానికి మూరెడు మందం మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూన పెంకులు. ఉద్యోగ విరమణ తరువాత దాన్నే బాగుచేయించుకొని నేనూ నా భార్యా ఉంటున్నాం. మే నెలలో స్లాబు ఇళ్లవారు అర్ధరాత్రి దాకా సెగకు నిద్రపట్టక మా అరుగు మీదికి వస్తారు. (కోతులు పెంకులు కదిలించే మాట నిజమే. వాటికి విరుగుడు ఏ పథకంలోనూ లేదు.)

డబ్బు కన్నా మేస్త్రీ దొరకడమే కష్టమైంది. వచ్చిన ప్రతివారూ సిమెంటు పూత వేద్దామన్నారు. మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే నిలిచి, కొన్ని వానాకాలాలకు పూత మట్టితో సహా పెళ్లలుగా ఊడిపడుతుంది. సున్నం పూతకు ఆ బెడద లేదు. ఆ పని తెలిసినవారు మా చుట్టుపక్కల ఒకరిద్దరే మిగిలారు, వారూ వయసు మీరినవారే.

మట్టిగోడలు కూలతాయన్న భయాన్ని కొట్టిపారేయను. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అంతటి వానలో దేనికీ పూచీ ఉండలేం. మామూలు వానలకు కూలే గోడల సంగతి వేరు. పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోస్తూ పోతే వీధి ఎత్తయి, ఇల్లు పల్లంలో పడి, గోడ మొదట్లో నీళ్లు నిలుస్తున్నాయి. మురుగు కాలువ తీయకుండా నింద మట్టి మీద వేస్తే ఎలా?

2019లో పల్లెలను శుభ్రం చేసే 30 రోజుల ప్రణాళిక కింద పాడుబడిన ఇళ్లు తొలగించినప్పుడు, మా ఊళ్లో కప్పు మాత్రమే కుంగినవీ నేలమట్టమయ్యాయి. వాటి దూలాలు, తలుపులను వ్యాపారులు చవకగా కొనుక్కుపోయారు. నగర శివార్లలోని ఫామ్‌హౌసులకు పల్లె కళ తేవడానికి ఇలాంటి కలపకే గిరాకీ!

పథకంలో మరమ్మతుకు వేరే పద్దు పెట్టాలి. కూల్చే ముందు ఇంజినీరు గోడలనూ దూలాలనూ చూసి, పనికిరావని రాసివ్వాలి. సున్నం పనిలో యువ మేస్త్రీలకు శిక్షణ ఇప్పించే బాధ్యత వరంగల్ నిట్ వంటి సంస్థలకు అప్పగించవచ్చు. కూల్చివేతలు ఎక్కువగా ఎండాకాలంలోనే సాగుతాయి కాబట్టి, ఆలోపే ఉత్తర్వులు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా