తల్లి రొయ్యల మేతపై ఫిర్యాదు

వాకాడు మండలం, తిరుపతి జిల్లా

మేనేజర్ గారికి,
కస్టమర్ సేవల విభాగం

విషయం: తల్లి రొయ్యల పెల్లెట్ మేత నాణ్యత, మీ ప్రతినిధి ఇచ్చిన తప్పుడు సలహా గురించి.

అయ్యా,

మాది వనామీ రొయ్య పిల్లలను పుట్టించే హేచరీ. తల్లి రొయ్యలను గుడ్లకు సిద్ధం చేసే మెచ్యూరేషన్ సెక్షన్ నేను చూస్తాను. పోయిన నెల మీ మేత 40 ప్యాకెట్లు తీసుకున్నాం. "పచ్చి మేతగా వేసే పురుగులు, స్క్విడ్ పూర్తిగా ఆపేయండి, ఇదొక్కటే చాలు" అని మీ ప్రతినిధి మా షెడ్డులో నిలబడి చెప్పారు. పచ్చి పురుగులతో తెల్లమచ్చ వైరస్ వస్తుందన్న టెన్షన్ మాకూ ఉంది కాబట్టి నమ్మాం.

పది రోజులకే తేడా తెలిసింది. 120 ఆడ రొయ్యల్లో రాత్రికి 12, 13 రొయ్యలు గుడ్లు పెట్టేవి. అవి 4కు పడిపోయాయి. టార్చి వేసి చూస్తే, వీపు పొడవునా నిండుగా కనపడాల్సిన అండాశయం సన్నటి దారంలా ఉంది. వచ్చిన కొద్దిపాటి నాప్లి (గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల) కూడా లైటు దగ్గరికి రాకుండా అడుగునే పడి ఉంది. నాప్లి బయటి మేత ఏదీ తినదు, తల్లి గుడ్డులో పెట్టి ఇచ్చిన సొనతోనే బతుకుతుంది. తల్లికి సరైన కొవ్వులు అందకపోతే పిల్లకు ఇంకెక్కడి నుంచి వస్తాయి? రొయ్య కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోనే రావాలి. మీ ప్యాకెట్ మీద ప్రొటీన్, కొవ్వు శాతాలు తప్ప కొలెస్ట్రాల్ ఎంతో, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఎంతో ఒక్క ముక్క లేదు.

పెల్లెట్ సంగతి కూడా చెప్పాలి. గాజు గ్లాసులో సముద్రపు నీళ్లు పోసి నాలుగు గింజలు వేశాను. ఇరవై నిమిషాలకే విడిపోయి అడుగున మడ్డి, పైన నూనె తెట్టు. రొయ్య చేపలా మింగదు, కాళ్లతో పట్టుకుని నిదానంగా కొరుక్కుంటుంది. పట్టుకోగానే రాలిపోయేదాన్ని ఏం తింటుంది? ఆ మడ్డిని పైపుతో లాగి సైఫన్ చేయలేక మా కుర్రాళ్లకు నిద్ర లేదు.

ఈ తల్లులు విదేశాల నుంచి చెన్నై క్వారంటైన్ దాటి వచ్చినవి. పోతే రేపు పోయి ఇంకొన్ని కొనుక్కునేవి కావు. ఫ్రోజెన్ పురుగులు, స్క్విడ్ మళ్లీ మొదలుపెట్టాక అండాశయాలు ఇప్పుడిప్పుడే నిండుతున్నాయి.

మా డబ్బు వెనక్కి ఇవ్వండి. ఈ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు పంపండి. తాజా మేతలో ఎంత వంతు మాత్రమే తగ్గించవచ్చో ప్యాకెట్ మీద అచ్చు వేయండి, అదే మాట మీ ప్రతినిధి తిరిగే మిగతా హేచరీలకూ చెప్పించండి. 14 ప్యాకెట్లు విప్పకుండా ఉంచాను. మనిషిని పంపితే అతని ముందే గ్లాసులో వేసి చూపిస్తాను.

ఇట్లు,
మెచ్యూరేషన్ ఇన్‌ఛార్జి