విషయం: మీరు ‘కరెక్ట్’ చేసిన 24 టీ కప్పుల గురించి

కస్టమర్ కేర్ వారికి,

పోయిన నెల మీ దగ్గర 24 టీ కప్పులు ఆర్డర్ పెట్టాను. మా బావమరిది ఉన్న ఉద్యోగం మానేసి గుంటూరులో టీ కొట్టు పెడుతున్నాడు, ఇంట్లో ఒక్కరికీ ఇష్టం లేదు, నేనొక్కణ్ణే సరే కానివ్వరా అన్నాను, ఆ ముక్కే కప్పుల మీద ఉంటే బాగుంటుందని ‘సాహసం శాయరా డింభకా’ అని వేయమన్నాను. మీ సైట్‌లో నా చేత్తో నేనే టైప్ చేశాను. స్క్రీన్‌షాట్ జత చేశాను, చూసుకోండి.

నిన్న బాక్స్ వచ్చింది. థర్మాకోల్ తీసి మొదటి కప్పు చేతిలోకి తీసుకుంటే దాని మీద ‘సాహసం చేయరా డింబకా’ అని ఉంది. ఒకటో రెండో పోయాయనుకున్నా, మొత్తం 24 అలాగే తగలడ్డాయి. ఫోన్ చేస్తే ఎత్తినావిడ చాలా మర్యాదగా, “సార్, మీరు పంపినదాంట్లో స్పెల్లింగ్ మిస్టేక్స్ ఉన్నాయి, మా డిజైన్ టీమ్ కరెక్ట్ చేసింది, దానికి ఎక్స్‌ట్రా చార్జ్ ఏమీ లేదు” అన్నారు. చార్జ్ వేయనందుకు థాంక్స్ కూడా చెప్పాలేమో నేను!

అయ్యా, అది మిస్టేక్ కాదు. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడి మాట అది. రాసింది పింగళి నాగేంద్రరావు, పలికింది ఎస్వీ రంగారావు. చేయు అనేది పద్యాల్లో సేయు అవుతుందని బడిలో చదువుకున్నదే, మాంత్రికుడి నోట్లో పడి అది ఇంకాస్త సాగి శాయరా అయింది. కొందరు సేయరా అని రాస్తారు, దానికీ నాకు అభ్యంతరం లేదు. చేయరా అంటే మాత్రం హోంవర్క్ చేయరా అన్నట్టుంది. ఇక డింభకుడంటే పిల్లాడు, ఆ ‘భ’లో ఉన్న గాలంతా మీరు తీసేశారు. సినిమా చూడనివాళ్ళు కూడా పరీక్షకెళ్ళే పిల్లాడికీ, పెళ్ళిచూపులకెళ్ళే కుర్రాడికీ ఈ మాట చెప్పి భుజం తడతారంటే ఆ పలుకుబడి వల్లే కదా.

అక్షరాలతో ఆగినా బాగుండేది. పక్కన కత్తి పట్టుకున్న హీరో బొమ్మ మీరే వేశారు, నేను అడగలేదు. ఆ మాట హీరోది కాదండీ. రాకుమారి మీద మనసుపడ్డ తోటరాముణ్ణి పాతాళ భైరవికి బలివ్వాలని మాంత్రికుడు వేసిన ఎర అది. తీరా రాముడు ఎత్తు తెలుసుకుని ఆయన్నే బలిచ్చేస్తాడు, అది వేరే సంగతి. (బావమరిదికి ఈ కథ గుర్తు చేయలేదు, ఇప్పటికే టెన్షన్‌లో ఉన్నాడు.) మా మామగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, “మాంత్రికుడి మాట రాముడి నోట్లో పెట్టిన వెధవెవడ్రా?” అన్నారు. మీ పేరే చెప్పాను.

ప్రింటు కూడా అంతంతమాత్రమే, తడి వేలితో రుద్దితే ‘డ’ సగం చెరిగిపోయింది.

మీ చాట్‌లో పొద్దున్నుంచి నాలుగుసార్లు “మీకు ఏ విధంగా సహాయపడగలను?” అని వచ్చింది, నాలుగుసార్లూ చెప్పాను, మళ్ళీ అదే ప్రశ్న. “నరుడా, ఏమి నీ కోరిక?” అని ఒక్కసారి అడిగిన పాతాళ భైరవి కోరింది ఇచ్చింది కూడా.

నా కోరిక ఇదీ. 24 కప్పులూ నేను రాసింది రాసినట్టు మళ్ళీ వేసి పంపండి, కత్తి హీరోని తీసేయండి, ఇవి వెనక్కి పంపే కొరియర్ ఖర్చు మీరే పెట్టుకోండి. కుదరకపోతే రూ. 5,040 తిరిగి వేయండి. కూపన్ కోడ్ ఇస్తామంటే ఒప్పుకోను. కొట్టు వచ్చే గురువారం తెరుస్తున్నారు, అందుకని ఈసారి ప్రింటుకి ముందు ఒక కప్పు ఫొటో వాట్సాప్‌లో పంపండి. నేను ఓకే అనేదాకా మీ డిజైన్ టీమ్‌ని ఏ సాహసమూ శాయవద్దని చెప్పండి.