పల్లె పేదరికం లెక్కల్లో అప్పు ఏది సార్?

రాష్ట్ర ప్రణాళికా శాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. 2014లో కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ పల్లెల్లో మనిషి ఖర్చు నెలకు 972 రూపాయలని, అంటే రోజుకు 32 రూపాయలని పేదరికపు గీత గీసింది. అది పాత మాట. ఇప్పుడు పేదరికం కొలవడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నీతి ఆయోగ్ పోషణ, చదువు, కరెంటు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా లాంటి 12 అంశాలు చూస్తోంది, ఆ పద్ధతి మెరుగే, ఒప్పుకుంటాను. కానీ అందులో అప్పు లేదు!

ఇళ్ళ ఖర్చుల మీద కేంద్రం చేసిన 2022-23 వినియోగ సర్వేలో తెలంగాణ పల్లెల్లో తలసరి నెల ఖర్చు 4,802 రూపాయలు. ఖర్చు చూస్తున్నారు గానీ ఆ డబ్బు ఎక్కడిదని చూడకపోతే ఎలా సార్? కౌలు రైతు ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో పడితే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి బిల్లు కడతారు, ఆ బిల్లు కూడా ఖర్చు కిందే రాస్తారు, దాంతో కాగితం మీద ఆ ఇల్లు బాగుపడినట్టే కనిపిస్తుంది. నాకు చాలా బాధ కలిగించేది ఇదే.

ఇక వలస. పాలమూరు నుంచి ఇక్కడి అడ్డాల మీదికి కూలికి వచ్చినవాళ్ళ ఇల్లు ఊళ్ళో తాళమేసి ఉంటుంది, లేదా ముసలివాళ్ళే ఉంటారు. అలాంటప్పుడు ఊళ్ళో చేసే సర్వేలో వాళ్ళ బతుకు ఎలా తెలుస్తుంది?

రాష్ట్రం తరఫున సర్వే చేసేటప్పుడు అప్పెంత, మిత్తెంత, ఏడాదిలో ఎన్ని నెలలు వలస, కౌలు ఎంత అనేవి అడగండి. వచ్చిన లెక్కల్ని, పేర్లు లేకుండా, గ్రామసభలో చదివించండి. తప్పుంటే ఊరివాళ్ళే చెప్తారు.