నా యాంటీబాడీలు, ఎవరెవరివో యాంటీబాడీలు

మావారి కిడ్నీ నా ఒంట్లో చేరి ఈ వారానికి ఏడాది నిండింది. నిన్నటి పరీక్షలో క్రియాటినిన్ 1.3. కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం అది, రక్తంలో పెరిగితే కిడ్నీకి ఇబ్బంది వచ్చినట్టే. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన కృతజ్ఞతలు ఇక ఆలస్యం చేయకుండా చెప్పుకోవాలనిపించింది.

ఆపరేషన్ రోజే మూత్రం ధారాళంగా వచ్చింది. ఐదో రోజుకి క్రియాటినిన్ 1.1కి దిగింది. ఇంటికి వెళ్లడానికి సంచులు సర్దుకుంటుంటే తొమ్మిదో రోజున 1.9, మర్నాడు 2.8. బయాప్సీ చేశారు. కిడ్నీలోని సన్నని రక్తనాళాల గోడల మీద సీ4డీ అనే ఆనవాలు కనిపించింది. యాంటీబాడీలు అక్కడ అంటుకుని, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండును రెచ్చగొట్టి వెళ్లాక మిగిలే ముద్ర అది. మావారి కణాలకే గురిపెట్టిన యాంటీబాడీలు నా రక్తంలోనూ దొరికాయి.

నాకు ముందు కోపం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆయన తెల్లకణాలను నా సీరంతో కలిపి క్రాస్‌మ్యాచ్ చేశారు కదా, అంతా బాగుందన్నారు కదా! ఆ పరీక్ష విలువ తర్వాతే తెలిసింది. 1969లో పటేల్, టెరసాకి ప్రచురించిన లెక్కల్లో, క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అయినా, అంటే దాత కణాల మీద పడే యాంటీబాడీలు ఉన్నాయని తేలినా, మార్పిడి జరిగిన 30 కిడ్నీల్లో 24 వెంటనే పాడయ్యాయి. నెగెటివ్ వచ్చిన 195లో అలా పోయినవి 8. నాదీ పాజిటివ్ అయ్యుండి, పరీక్ష లేకుండానే మార్పిడి చేసి ఉంటే, నా కిడ్నీకి తొమ్మిది రోజుల గడువు కూడా దక్కేది కాదేమో.

మరి ఈ యాంటీబాడీలు ఎక్కడివి? మా డాక్టరుగారు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, "మీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగారు. ఇద్దరన్నాను. "బహుశా అక్కడి నుంచే" అన్నారు. మన కణాల మీద హెచ్ఎల్ఏ అనే గుర్తులుంటాయి. బిడ్డకు వాటిలో సగం తండ్రివి. గర్భంతో ఉన్నప్పుడూ కాన్పులోనూ బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తుపెట్టుకోవచ్చు. రక్తం ఎక్కించుకున్నా, అంతకుముందు మార్పిడి జరిగినా ఇలా కావచ్చట. ఏళ్లు గడిచి నా యాంటీబాడీలు పరీక్షకు అందనంతగా తగ్గినా, వాటిని తయారుచేయడం మరిచిపోని కణాలు మిగిలే ఉన్నాయి. ఆయన కిడ్నీ రాగానే అవి నిద్ర లేచాయి.

ఆ రాత్రంతా ఏడ్చాను. పొద్దున్నే మావారు పొట్ట పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి, "పన్నెండేళ్ల కాపురం చేశాక ఇప్పుడు గుర్తొచ్చిందా, నేను పరాయివాణ్నని?" అన్నారు. నవ్వితే ఇద్దరికీ కుట్లు లాగాయి.

ఒళ్లు కొత్త అవయవాన్ని తిప్పికొట్టడాన్ని రిజెక్షన్ అంటారు. టి కణాలనే ఒక రకం తెల్లకణాల వల్ల వచ్చే రిజెక్షన్ చాలావరకు స్టెరాయిడ్లకు లొంగుతుంది. నాది ఆ రకం కాదు. రోజు విడిచి రోజు, ఐదుసార్లు నా ప్లాస్మాను వేరుచేసి తీసేసి, బదులుగా అల్బుమిన్ ఎక్కించారు. ఒక్కసారితో ఎందుకు కాదంటే, ఈ యాంటీబాడీల్లో దాదాపు సగం రక్తనాళాల బయటే ఉంటాయి. రక్తంలోవి తీసేయగానే అవి వచ్చి చేరతాయి. ఊట బావిని తోడినట్టే. గంటల తరబడి ఆ యంత్రం పక్కనే నిలబడి, నా కాళ్లు వణికినప్పుడల్లా దుప్పటి సర్దిన సిస్టర్లకు, ఆదివారం కూడా వచ్చి యాంటీబాడీ పరీక్ష పూర్తిచేసిన ల్యాబ్ అమ్మాయికి, నెలన్నర పాటు పిల్లల్ని తన దగ్గరే ఉంచుకున్న మా ఆడపడుచుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మావారికి ఇక్కడ చెప్పను. చెబితే ఊరుకోరు.

ఇంకొందరున్నారు. ప్లాస్మా తీసిన ప్రతిసారీ ఆఖరున ఇమ్యునోగ్లోబ్యులిన్ సీసా ఒకటి వేలాడదీసేవారు. అందులో ఏముందని అడిగితే, "యాంటీబాడీలే" అన్నారు సిస్టరు. వెయ్యిమందికి పైగా దాతల ప్లాస్మాను కలిపి, అందులోంచి తీస్తారట. నా యాంటీబాడీలు మా ఇంటాయన కిడ్నీ మీద పడితే, వాటిని అదుపు చేయడానికి ఎవరెవరివో యాంటీబాడీలు వచ్చాయన్నమాట. ఎప్పుడో ఎక్కడో చెయ్యి చాచి కూర్చుని, ప్లాస్మా ఇచ్చి, లేచి తమ పనికి తాము వెళ్లిపోయినవాళ్లు. మీరెవరో నాకు తెలియదు. మీకు నా వందనాలు.

ఇప్పుడు ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ అనే మందు ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. వేళ తప్పితే కొత్త యాంటీబాడీలు పుట్టుకొస్తాయని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అందుకే ఇంట్లో రెండు ఫోన్లలో అలారం పెట్టాం. ముందు మోగేది మావారిది.